పాచికి ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముకున్న కథ

పక్క సీటువాడి కోడ్‌లో తప్పుంటే నలుగురి ముందు చెప్పేస్తాం. రివ్యూ పేరు పెట్టి వేరియబుల్ పేర్ల దగ్గర్నుంచీ ఏకి పారేస్తాం. అదే మనిషి కుర్చీ దగ్గరికి లాక్కుని, మన మానిటర్‌లోకి వంగి మాట్లాడుతున్నప్పుడు వాడి నోరు వాసనొస్తే మాత్రం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాం. చెప్పం గాక చెప్పం. మేనేజర్ చెప్పడు, హెచ్ఆర్ వాళ్ళు చెప్పరు, ప్రాణ స్నేహితుడు అసలే చెప్పడు. ఇంట్లో ఆవిడ చెప్తే చెప్పొచ్చు, అదీ ఏదో పోట్లాట వచ్చిన రోజున.

మనుషులు ఈ ఒక్క విషయం ఒకరికొకరు చెప్పుకోరన్న సంగతిని పెట్టుబడిగా పెట్టి అమెరికాలో ఒక కంపెనీ కోట్లు గడించింది. గడిస్తే గడించింది, వ్యాపారం అన్నాక అంతే. కానీ ఆ క్రమంలో నోరు ఎందుకు కంపు కొడుతుందన్న అసలు ప్రశ్న పక్కకి పోయింది. జవాబు తెలియక కాదు. జవాబులో చాలా భాగం అప్పటికే తెలుసు, అదీ వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో మనకి 'పాచి' అనే మాటుంది. పాచి పళ్ళు, పాచి నోరు, పాచి మొహం. బావి గట్టు మీద పచ్చగా, జారుడుగా పట్టేదాన్నీ పాచే అంటాం, రాత్రి నిద్రలో పళ్ళ మీద పట్టేదాన్నీ పాచే అంటాం. ఈ పోలిక ఎవరు పెట్టారో గానీ మైక్రోస్కోపు లేకుండానే భలే పెట్టారు. రెండూ తడిగా ఉన్న చోట అంటుకుని పెరిగే, ప్రాణం ఉన్న పొరలే. పళ్ళ మీది పొరని మైక్రోబయాలజీ వాళ్ళు బయోఫిల్మ్ అంటారు. దాన్ని అలాగే వదిలేస్తే లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ చేరి రాయిలా గట్టిపడుతుంది. దానికీ మనకి ఇంకో మాటుంది, గార.

ఇప్పుడు 'హాలిటోసిస్' చూడండి. హాలిటస్ అంటే లాటిన్‌లో ఊపిరి. ఓసిస్ అనేది జబ్బుల పేర్ల చివర తగిలించే గ్రీకు తోక. 1874లో న్యూయార్కు డాక్టరు జోసెఫ్ హౌ ఊపిరి గురించీ, దాన్ని కంపు కొట్టించే జబ్బుల గురించీ ఒక పుస్తకం రాశాడు. ఈ మాట అచ్చులోకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు అది డాక్టర్ల పుస్తకాలు దాటి బయటికి రాలేదు.

రెండు మాటల్లో ఉన్న తేడా చూశారా? పాచి అంటే కారణం ఏంటో తెలుస్తుంది. ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది, గీకెయ్యాలి. హాలిటోసిస్ అంటే ఏదో జబ్బు చేసిందని తెలుస్తుంది, అంతే. జబ్బుకి మందు కావాలి. మందు సీసాలో వస్తుంది. నేను చెప్పదల్చుకున్నదంతా ఈ తేడా గురించే.

చరక సంహిత ఉంది కదా, సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం మొదలై కొన్ని శతాబ్దాల పాటు రూపం దిద్దుకున్న వైద్య గ్రంథం. అందులో సూత్రస్థానం అయిదో అధ్యాయంలో రోజూ చేసుకోవాల్సిన పనుల జాబితా ఒకటుంది. పళ్ళు తోముకోవడానికి కానుగ, జిల్లేడు, మద్ది లాంటి చెట్ల పుల్లలు చెప్పాడు. మా ఊళ్ళో వేప, కానుగ పుల్లల్ని ఇప్పటికీ పందుంపుల్ల అనే అంటారు. ఆ వెంటనే నాలుక గీసుకునే బద్ద సంగతి వస్తుంది. అది బంగారం, వెండి, రాగి, తగరం, ఇత్తడి - వీటిలో దేనితోనైనా చేయించుకోవచ్చట. వాడిగా ఉండకూడదు, వంపు తిరిగి ఉండాలి. ఎందుకు గీసుకోవాలో కూడా చెప్పాడు. నాలుక మొదట్లో పేరుకునే మలినం వల్ల దుర్వాసన వస్తుంది, అందుకని గీసుకోవాలి, అని.

నాలుక మొదలు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నాలుక కొస కాదు, మధ్య కాదు, గొంతు వైపు ఉండే వెనక భాగం. 20వ శతాబ్దంలో గ్యాస్ క్రొమటోగ్రాఫులు పెట్టి వెతికినవాళ్ళు చివరికి వేలు పెట్టి చూపించిన చోటు కూడా అదే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

'చూశారా, అన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు' అని చప్పట్లు కొట్టే బాపతు కాదు నేను. అదే అధ్యాయంలో నోరు సువాసనగా ఉండటానికి జాజికాయ, వక్క, లవంగం, ఏలకులు, పచ్చకర్పూరం, తమలపాకు నోట్లో పెట్టుకోమని కూడా ఉంది. ఇందులో వక్క సంగతి మనకిప్పుడు తెలుసు. పొగాకు కలపకపోయినా సరే, వక్కతో చేసిన తాంబూలం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది. అంటే ఒకే అధ్యాయంలో ఒక సలహా నూటికి నూరుపాళ్ళు నిలబడింది, పక్కనే ఉన్న ఇంకో సలహా హానికరమని తేలింది. పాత పుస్తకం కాబట్టి నమ్మడం ఎంత తప్పో, పాత పుస్తకం కాబట్టి కొట్టి పారెయ్యడం అంతే తప్పు. వాక్యం వాక్యం విడదీసి చూసుకోవాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఇక్కడ గమనించాలి. నాలుక గీసుకోవడం కారణాన్ని తీసెయ్యడం. లవంగం నమలడం వాసనని కప్పెయ్యడం. ప్రపంచంలో మిగతా చోట్ల ఎక్కువగా రెండోదే కనిపిస్తుంది. చైనాలో హాన్ వంశపు రాజుల కాలంలో చక్రవర్తి ముందుకెళ్ళి మాట్లాడే అధికారులు నోట్లో లవంగం పెట్టుకునేవాళ్ళు. యూదుల తాల్ముద్‌లో అయితే నోటి దుర్వాసన సంగతి విడాకుల చర్చ దాకా వెళ్ళింది. భర్తలో ఏ లోపాలుంటే భార్యకి విడాకులిప్పించాలి అన్న జాబితాలో ఒక లోపానికి అర్థం చెప్తూ, అది ముక్కు వాసనా, నోటి వాసనా అని పండితులు వాదించుకున్నారు. సమస్య అంత పాతదీ, అంత తీవ్రమైనదీను.

ఇక్కడ కథ హాలండ్‌కి వెళ్ళాలి. డెల్ఫ్ట్ ఊళ్ళో ఆంటనీ వాన్ లేవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి. డాక్టరు కాదు, యూనివర్సిటీ మొహం చూసినవాడు కాదు. భూతద్దాలు తనే నూరుకుని, కంటికి కనబడినదల్లా వాటికింద పెట్టి చూసేవాడు. 1683 సెప్టెంబర్ 17న లండన్‌లోని రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. తన పళ్ళ సందుల్లోంచి తెల్లటి పాచి తీసి, నీళ్ళలో కలిపి చూస్తే అందులో చిన్న చిన్న ప్రాణులు ఈదుతున్నాయని. ఆయన రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు రుద్దుకునే మనిషి. ఆయన నోట్లోనే అన్నుంటే, పుట్టి బుద్ధెరిగి పళ్ళు తోమని ఒక ముసలాయన నోట్లోది తీసి చూస్తే ఇంకెన్ని ఉంటాయి? కుప్పలు తెప్పలు.

ఈ ఉత్తరాన్ని బాక్టీరియా కనిపెట్టిన ఉత్తరంగా అందరూ చెప్పుకుంటారు. అందులో ఇంకో రెండు విషయాలున్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకటి, పళ్ళు శుభ్రం చేసుకోని వాళ్ళతో దగ్గర నిలబడి మాట్లాడలేమనీ, జనం దాన్ని ఊపిరి కంపు అంటారు గానీ చాలాసార్లు అది నోటి కంపేననీ రాశాడు. అసలు రోగ నిర్ధారణ అదే! కంపు ఊపిరితిత్తుల్లోంచో కడుపులోంచో రావడం లేదు, నోట్లోనే తయారవుతోంది అని.

రెండోది ఇంకా ముఖ్యమైనది. ఆ ప్రాణుల మీద వెనిగర్ పోసి చూశాడు. చచ్చిపోయాయి. సరే అని వెనిగర్‌తో నోరు పుక్కిలించి, తర్వాత పాచి తీసి చూశాడు. లోపల ఇంకా బతికే ఉన్నాయి. వెనిగర్ పొర పైనున్న వాటిని చంపింది గానీ పొర లోపలికి చొరబడలేదని రాసుకున్నాడు. పుక్కిలించే మందు మీద ఒక ప్రయోగం, దాని ఫలితం, ఆ ఫలితానికి కారణం - మూడూ 1680ల్లోనే అయిపోయాయన్నమాట. ద్రవం పోస్తే పాచి పోదు, గీకాల్సిందే.

అక్కడితో ఆగితే బానే ఉండేది. మధ్యలో లిస్టర్ వచ్చాడు. ఆయన తప్పేం లేదు, పాపం మహానుభావుడు. 1865లో గ్లాస్గోలో కాలు విరిగిన ఒక పదకొండేళ్ళ కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆసిడ్ పూసి, చీము పట్టకుండా మాన్పించాడు. పాశ్చర్ చెప్పిన సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని ఆపరేషన్ బల్ల దగ్గరికి తెచ్చినవాడు ఆయనే. ఆ పేరు మార్మోగిపోతున్న రోజుల్లో, 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ అనే డాక్టరు ఒక క్రిమిసంహారక ద్రవం తయారుచేసి దానికి లిస్టరిన్ అని పేరు పెట్టాడు. జోర్డన్ లాంబర్ట్ అనే మందుల వ్యాపారి దాని హక్కులు తీసుకున్నాడు. మొదట్లో అది ఆపరేషన్లకి, గాయాలు కడగడానికి వాడే సరుకు. 1895 నుంచి పళ్ళ డాక్టర్లకి అమ్మారు. 1914 నుంచి చీటీ లేకుండా షాపుల్లో దొరకడం మొదలైంది. పెద్దగా అమ్ముడుపోలేదు. దేనికి వాడాలో జనానికి తెలియని సరుకు ఎవడు కొంటాడు?

జోర్డన్ కొడుకు జెరార్డ్ లాంబర్ట్. 1920ల మొదట్లో అప్పుల్లో ఉండి కంపెనీ పనిలోకి దిగాడు. తర్వాత 1956లో రాసుకున్న ఆత్మకథలో ఆ సంగతి ఆయనే చెప్పాడు. అడ్వర్టైజ్‌మెంట్ వాళ్ళతో కూర్చుని, ఈ సీసాని దేనికి అమ్మాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే ఎవరో నోటి వాసన అన్నారు. అలాంటి మాట పేపర్లో ఎలా వేస్తాం, అసహ్యంగా ఉండదూ అనుకున్నారు. కంపెనీ కెమిస్టుని పిలిపించారు. ఆ పెద్దాయన తన దగ్గరున్న కత్తిరింపుల పుస్తకం చదువుతూ మధ్యలో హాలిటోసిస్ అన్నాడు. అంటే ఏంటయ్యా అని అడిగితే, నోటి దుర్వాసనకి వైద్యుల మాట అన్నాడు. అంతే, కెమిస్టుని బయటికి పంపించేశారు. కావలసింది దొరికింది.

కెమిస్టుని బయటికి పంపించేశారు అన్న ముక్క నాకు భలే నచ్చింది. ఈ కథలో కారణం గురించి ఏమైనా తెలిసిన మనిషి ఆ గదిలో ఆయనొక్కడే. ఆయన దగ్గర్నుంచి వాళ్ళకి కావలసింది పేరు మాత్రమే.

మిల్టన్ ఫీస్లీ, గార్డన్ సీగ్రోవ్ అనే ఇద్దరు ప్రకటనలు రాశారు. అందులో పళ్ళు, నాలుక, పాచి లాంటివాటికి పెద్దగా పని లేదు. కథలుంటాయి. 1925 నాటి ప్రకటనలో ఎడ్నా అనే అమ్మాయికి ముప్ఫై దగ్గర పడుతోంది, స్నేహితురాళ్ళందరికీ పెళ్ళిళ్ళైపోయాయి, తను మాత్రం ప్రతి పెళ్ళిలో తోడి పెళ్ళికూతురుగానే మిగిలిపోతోంది. కారణం ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పరు. ప్రాణ స్నేహితులు కూడా చెప్పరు. నీ నోరు వాసనొస్తోందో లేదో నీకు తెలిసే మార్గం లేదు, కాబట్టి వస్తోందనే అనుకో, రోజూ పుక్కిలించు. తర్కం ఇదీ.

అది పారిన కాలం కూడా అలాంటిది. 1920 జనాభా లెక్కల్లో మొదటిసారిగా అమెరికాలో సగం మందికి పైగా పట్టణాల్లో తేలారు. పల్లెల్లో చుట్టాల మధ్య పెరిగినవాళ్ళు నగరాలకొచ్చి, ఆఫీసుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుని పనిచేస్తున్నారు. పొద్దున్న లేస్తే కొత్తవాళ్ళని మెప్పించాలి. ఉద్యోగం, ప్రమోషన్, పెళ్ళి - అన్నీ ముందు పరిచయంలో ఎలా కనిపించామన్న దాని మీదే నడుస్తున్నట్టు అనిపించేది. ఊరొదిలి హైదరాబాదుకో బెంగుళూరుకో వచ్చి మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళిన ఎవరికైనా ఆ బెదురు ఎలా ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు. ఆ బెదురుకి లాంబర్ట్ ఒక పేరు పెట్టి, సీసాకెత్తి అమ్మాడు. 1920, 1921ల్లో ఏడాదికి లక్ష డాలర్లు లాభం వచ్చే కంపెనీకి 1927 నాటికి 40 లక్షల డాలర్లు దాటింది. సీసాలో ఉన్న సరుకు మాత్రం అదే!

అదే సరుకుని చుండ్రుకి వాడమన్నారు. గొంతు నొప్పికి వాడమన్నారు. గడ్డం గీసుకున్నాక రాసుకోమన్నారు. ఆ రోజుల్లో లిస్టరిన్ సిగరెట్లు కూడా వచ్చాయి. నోటి దుర్వాసనకి మందు అమ్మే పేరుతోనే సిగరెట్లు. మన భాషలో చెప్పాలంటే బగ్ తయారుచేసేదీ వాళ్ళే, ప్యాచ్ అమ్మేదీ వాళ్ళే :)

జలుబు రాకుండా ఆపుతుందని చెప్పిన మాట దగ్గర మాత్రం చివరికి దొరికిపోయారు. 1921 నుంచి ఆ మాట ప్రచారం చేస్తూనే ఉన్నారు. 1975లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అది అబద్ధమని తేల్చింది. ఇన్నేళ్ళు జనం బుర్రల్లోకి ఎక్కించిన అబద్ధం, ప్రకటన ఆపేసినంత మాత్రాన పోదు, కాబట్టి దిద్దుబాటు ప్రకటనలు కూడా మీ ఖర్చుతోనే వెయ్యండి అంది. కంపెనీ కోర్టుకెళ్ళింది. 1977లో అప్పీలు కోర్టు కమిషన్ మాటే ఖాయం చేసింది. లిస్టరిన్ జలుబునీ గొంతు నొప్పినీ ఆపలేదు, తగ్గించలేదు అని చెప్తూ సుమారు కోటి డాలర్ల ప్రకటనలు వెయ్యాల్సి వచ్చింది. మేం ఇదివరకు చెప్పినదానికి ఇది భిన్నం అని ఒప్పుకునే ముక్క ఒకటి కమిషన్ పెట్టమంటే, దాన్ని మాత్రం కోర్టు తీసేసింది. అంత పరువు మిగిల్చారు.

ఈ వ్యాపారం ఇలా నడుస్తుండగా కారణం వెతికేవాళ్ళు ఏం చేస్తున్నారు?

వాళ్ళ మొదటి పోట్లాట వెల్లుల్లి మీద. 1930ల్లో అమెరికా వైద్య సంఘం పత్రికలోనే రెండు పక్షాలు తలపడ్డాయి. వెల్లుల్లి వాసన నోట్లో ఇరుక్కున్న తునకల వల్లేనని యేల్ యూనివర్సిటీ వాళ్ళు 1935లో రాశారు. కాదని 1936లో బ్లాంకెన్‌హార్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు చూపించారు. నోటితో తినలేక, పొట్టలోకి గొట్టం అమర్చిన ఒక రోగికి వెల్లుల్లి సూప్ గొట్టంలోంచి పోశారు. నోటికి తగలనే లేదు. అయినా కొన్ని గంటలకి ఊపిరిలో వెల్లుల్లి వాసన వచ్చింది. ఇప్పుడు మనకి తెలిసినదేంటంటే, వెల్లుల్లిలోని గంధకపు పదార్థాల నుంచి అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. మిగతావాటిని శరీరం తొందరగా విరగ్గొట్టేస్తుంది గానీ దీన్ని అంత తేలిగ్గా వదిలించుకోలేదు. అది రక్తంలో చేరి ఊపిరితిత్తుల్లోంచి బయటికొస్తూనే ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో అన్నం లాగించి, మూడు గంటల మీటింగు ముందు ఎన్నిసార్లు పుక్కిలించినా లాభం లేదు. అది జబ్బూ కాదు, రేపటికి పోతుంది.

అసలు సంగతి తేల్చినది కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీకి చెందిన జోసెఫ్ టొంజెటిచ్. 1960లు, 70ల్లో ఆయన నోటి గాలిని గ్యాస్ క్రొమటోగ్రాఫులోకి పంపించి అందులో ఏమున్నాయో విడదీశాడు. ముఖ్యంగా దొరికినవి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టన్. మొదటిది కుళ్ళిన కోడిగుడ్డు వాసన, రెండోది కుళ్ళిన క్యాబేజీ వాసన. నోట్లో గాలి తగలని మూలల్లో బతికే బాక్టీరియా, తిండి తునకల్లోని, రాలిపోయిన కణాల్లోని ప్రోటీన్లని తింటాయి. ప్రోటీన్లలో గంధకం ఉండే అమైనో ఆమ్లాలు రెండున్నాయి. సిస్టీన్ విరిగితే హైడ్రోజన్ సల్ఫైడ్, మిథియోనిన్ విరిగితే మిథైల్ మెర్కాప్టన్. మొత్తం కంపు వెనకున్న యంత్రాంగం ఇంతే. ఆ బాక్టీరియాకి బాగా నచ్చిన చోటు నాలుక వెనక భాగం. గరుకుగా, సందులు సందులుగా ఉంటుంది, బ్రష్ అక్కడిదాకా పోదు, లాలాజలం సరిగా కడగదు. చరకుడు నాలుక మొదలు అన్నది ఈ చోటునే.

1990ల్లో టెల్ అవీవ్ యూనివర్సిటీకి చెందిన మెల్ రోజెన్‌బర్గ్, ఈ గంధకపు వాయువుల్ని కుర్చీ పక్కనే కొలిచే చిన్న పరికరాన్ని వాడుకలోకి తెచ్చాడు. దాంతో లెక్కలు తీయడం తేలికైంది. బెల్జియంలోని లూవెన్‌లో ఇలాంటి క్లినిక్‌కి వచ్చిన 2000 మంది వివరాలు 2009లో ప్రచురించారు. అందులో నూటికి 76 మందికి కారణం నోట్లోనే ఉంది. అన్నిటికంటే పెద్ద కారణం నాలుక మీది పూత, తర్వాత చిగుళ్ళ జబ్బు, లేదంటే రెండూ కలిసి. ముక్కు, గొంతు, మిగతా శరీరం లెక్కన వచ్చినవి చాలా తక్కువ. మనవాళ్ళు నోరు వాసనొస్తే వేడి చేసిందనో, అజీర్తి అనో, గ్యాస్ అనో కడుపుకి మందు మింగుతారు. అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది, తేన్చినప్పుడు తప్ప కడుపులో గాలి పైకి రాదు. లేవెన్‌హుక్ 1683లో అన్నదే - ఊపిరి కంపు కాదు, నోటి కంపు.

అలాగని నోటి బయటి కారణాలు లేవని కాదు. షుగర్ అదుపు తప్పి కీటోన్లు పెరిగితే మాగిన పండు లాంటి వాసన వస్తుంది. అది వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సంగతి. అన్నం మానేసి రకరకాల డైట్లు చేసేవాళ్ళ ఊపిరిలో కూడా ఆ వాసన కొంచెం ఉంటుంది. కిడ్నీలు పాడైతే అమ్మోనియా వాసన, కాలేయం పాడైతే ఇంకో రకం. సైనస్, టాన్సిల్స్‌లో పేరుకునే తెల్లటి గడ్డలు కూడా కొందరిలో కారణం. పళ్ళు, నాలుక, చిగుళ్ళు అన్నీ శుభ్రంగా ఉన్నా ఎప్పుడూ వాసనొచ్చే కొద్దిమంది సంగతి చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2018లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో మూడు కుటుంబాల మీద చేసిన పరిశోధన వచ్చింది. మిథైల్ మెర్కాప్టన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసే జన్యువులో లోపం ఉంటే అది రక్తంలో పేరుకుని ఊపిరిలోకి వస్తుందని తేలింది. ఎంతకాలం వాళ్ళని శుభ్రత లేని మనుషులని అనుకుని ఉంటారో!

పొద్దున్న లేవగానే అందరి నోరూ ఎందుకు వాసనొస్తుందంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి. నోటికి సహజమైన కడుగుడు అదే. మన ఉద్యోగాల్లో పగలు కూడా అదే పరిస్థితి తెచ్చుకుంటాం. ఏసీ గదిలో నీళ్ళు తాగకుండా, టిఫిన్ మానేసి, కాఫీ మీద కాఫీ పోసి, రెండు గంటలు ఏకబిగిన కాల్‌లో మాట్లాడితే నోరు ఎండిపోక ఏమవుతుంది?

లూవెన్ లెక్కల్లో నన్ను ఆపిన అంకె ఇంకొకటుంది. వచ్చిన 2000 మందిలో దాదాపు 16 శాతం మందికి అసలు వాసనే లేదు. ఉందని వాళ్ళ నమ్మకం, అంతే. కొందరు డాక్టరు లేదని చెప్పినా నమ్మరు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, నలుగురిలోకి రారు, ఎదుటివాడు ముక్కు గోక్కుంటే తన వల్లే అనుకుంటారు. జపాన్‌లో అయితే తన శరీరం వాసన ఇతరులని ఇబ్బంది పెడుతోందన్న భయానికి వైద్యంలో విడిగా ఒక పేరే ఉంది. ఈ భయాన్ని ప్రకటనలే పుట్టించాయని నేననను. కానీ వస్తోందో లేదో నీకు తెలియదు, ఎవరూ చెప్పరు, కాబట్టి వస్తోందనే అనుకో అన్న 1920ల తర్కం అచ్చం ఆ రోగి తర్కమే. ఒక మానసిక బాధ లక్షణాన్ని తీసుకుని వందేళ్ళుగా ప్రపంచం మొత్తానికి టీవీలోనూ పేపర్లోనూ నేర్పిస్తున్నారు.

ఇంకో వైపు, నిజంగా చిగుళ్ళ జబ్బున్నవాడు బ్రష్ చేస్తే రక్తం వస్తోందని చూస్తూ కూడా పుదీనా వాసన సీసాతో నెట్టుకొస్తుంటాడు. లోపల ఎముక తరిగి పన్ను కదిలేదాకా పళ్ళ డాక్టరు గుర్తుకురాడు. అలార్మ్ మోగుతుంటే స్పీకర్ వైరు పీకెయ్యడం లాంటిది ఇది. వాసన లేనివాడు ఉందని కుమిలిపోతాడు, జబ్బున్నవాడు పోయిందని నిశ్చింతగా ఉంటాడు. కారణాన్ని వదిలేసి పేరుని పట్టుకుంటే ఇద్దరూ నష్టపోతారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పుక్కిలించే మందులు పూర్తిగా పనికిరానివని కాదు. బ్రష్ చేసుకుంటూ వాడితే పాచినీ చిగుళ్ళ వాపునీ కొంత తగ్గిస్తాయని చాలా ప్రయోగాల్లో తేలింది. దానికి తోడుగా కాక బదులుగా అన్నప్పుడే గొడవ. 2005లో అది కూడా జరిగింది. పళ్ళ సందుల్లో దారం వేసి శుభ్రం చేసుకోవడం ఎంత పని చేస్తుందో లిస్టరిన్ కూడా అంతే పని చేస్తుందని అప్పటి యజమాని ఫైజర్ ప్రచారం చేస్తే, న్యూయార్కులో ఫెడరల్ జడ్జి అది తప్పుదారి పట్టించే ప్రకటన అని ఆపించాడు. కేసు వేసినది దారం అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళ కంపెనీ. మరుసటేడు, 2006లో, జాన్సన్ అండ్ జాన్సన్ ఫైజర్ దగ్గర్నుంచి లిస్టరిన్‌ని కొనేసింది. దారమూ సీసా ఒకే ఇంట్లోకి చేరాయి. గొడవ తీరింది.

చివరికి మిగిలేది చాలా మామూలు పని. రెండు పూటలా పళ్ళు తోముకోవడం, పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడం, నాలుకని వెనకనుంచి ముందుకి మెల్లిగా గీసుకోవడం, నీళ్ళు తాగడం, గార పడితే డాక్టరు దగ్గర తీయించుకోవడం. నాలుక గీసుకునే స్టీలు బద్ద ధర ఒక కాపుచినోలో సగం కూడా ఉండదు, ఏళ్ళ తరబడి వస్తుంది. పందుంపుల్లని నిలువునా చీల్చి రెండు చేతులతో వంచి నాలుక గీసుకునే తాతలకైతే ఆ ఖర్చు కూడా లేదు. దీనికి ప్రకటన రాసే అవసరం ఎవడికీ లేదు, అందుకే ఎక్కడా కనపడదు.

ఇక తెలుసుకోవడం సంగతి. మన నోటి వాసన మనకి సరిగా తెలియదన్నది నిజమే. రోజెన్‌బర్గ్ బృందం పరీక్షించి చూస్తే జనం తమ నోటి గురించి తాము వేసుకున్న అంచనాకీ, ఇతరులు వాసన చూసి చెప్పినదానికీ పొంతన కుదరలేదు. ఈ ఒక్క విషయంలో 1925 నాటి ప్రకటన అబద్ధం చెప్పలేదు. అబద్ధమల్లా ఎవరూ చెప్పరు అన్న రెండో సగంలో ఉంది. అడిగితే చెప్తారు. భార్యనో భర్తనో, అమ్మనో, పదేళ్ళ పిల్లాడినో అడగండి. పిల్లాడైతే అడక్కుండానే చెప్తాడు.

పక్క సీటువాడి విషయంలో ఏం చెయ్యాలన్నది కూడా దీన్నిబట్టి ఆలోచించుకోవచ్చు. నలుగురిలో కాదు, విడిగా, టీ తాగడానికి వెళ్ళినప్పుడు, రెండు వాక్యాల్లో చెప్పండి. ఏమనుకోకు, ఈమధ్య నోరు కొంచెం వాసనొస్తోంది, ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించుకో అని. ఒక రోజు మొహం మాడ్చుకుంటాడు. చిగుళ్ళ జబ్బే అయితే ఓ పన్ను దక్కుతుంది. షుగరే అయితే ఇంకా పెద్దదే దక్కుతుంది. వందేళ్ళ క్రితం ప్రాణ స్నేహితుడు కూడా చెప్పడని పందెం కాసి ఒకడు గెలిచాడు. ఆ పందెం ఓడించడానికి మనకి పెద్ద ఖర్చేం లేదు.